కార్తీక వనభోజనాల కమిటీ పెద్దలకు ఒక తోట రైతు బహిరంగ లేఖ

కమిటీ పెద్దలందరికీ నమస్కారం.

దసరా వెళ్లింది. గోదావరి లంకల్లో రెల్లు తెల్లగా పూసి ఉంది. తెల్లవారుజామున తోటలోకి వెళ్తే కాళ్లకి చల్లగా మంచు తగులుతోంది, పారిజాతం కింద నేల కనపడటం లేదు. ఇంకో పది రోజుల్లో దీపావళి, ఆ మర్నాటి నుంచి కార్తీకం. మీ ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి. "మూడో ఆదివారం మాకే ఉంచండి" అని ఒకరు, "పోయినేడు మూడొందల మందిమి వచ్చాం, ఈసారి నాలుగొందలు అనుకోండి" అని ఇంకొకరు. వినడానికి సంతోషంగానే ఉంది. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అందరికీ కలిపి ఒకేసారి రాద్దామని కూర్చున్నాను. మా తోటకి వచ్చేవాళ్లే కాదు, కార్తీకంలో ఎవరి తోటకైనా, ఏ కొండ దగ్గరికైనా, ఏ బీచికైనా జనాన్ని తీసుకెళ్లే కమిటీలన్నీ ఈ ఉత్తరం తమకే అనుకుని చదవమని నా మనవి.

మాది కడియం దగ్గర, కాలువ గట్టుని ఆనుకున్న తోట. కొబ్బరి, ఆ మధ్యలో కోకో, ఒక పక్క మామిడి, కొంత అరటి, కంద. పడమటి మూల ఉసిరి చెట్టు. మా నాన్న నాటింది. ముప్పై ఏళ్లకి పైగా ఏటా కార్తీకంలో ఆ చెట్టు కింద ఎవరో ఒకరు భోంచేస్తూనే ఉన్నారు. అద్దె తీసుకోం. "ఉసిరి నీడకి డబ్బేంట్రా" అనేవారు నాన్న. ఆ మాట నేను దాటలేదు, దాటను కూడా. కాబట్టి ఈ ఉత్తరం డబ్బు గురించి కాదు.

నాకు ఊహ తెలిసినప్పుడు వనభోజనం అంటే మా వీధి వీధంతా కదిలేది. ఒకరింట్లోంచి గుండిగ, ఒకరింట్లోంచి కవ్వం, ఎవరి మరచెంబు వాళ్ల చేతిలో. పొద్దున్నే ఆడవాళ్లు చెట్టు మొదట్లో పసుపు రాసి, బొట్టు పెట్టి, ఉసిరికాయ పైభాగం కొంచెం తొలిచి అందులో నేతివత్తి వేసి దీపం పెట్టేవాళ్లు. కంద బచ్చలి, గుత్తివంకాయ, పులిహోర, ముద్దపప్పు, బూరెలు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, అయినా ఆ రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది. అరిటాకులు తోటలోవే. బంతి అయ్యాక ఆకులు ఎత్తి పశువుల ముందు వేసేవాళ్లు, అవి తినగా మిగిలినవి పెంటకుప్పలోకి పోయేవి. సాయంత్రం అందరూ వెళ్లాక తోట చూస్తే, గడ్డి కొంచెం నలిగి ఉండేది. అంతకంటే ఏ గుర్తూ ఉండేది కాదు.

పోయినేడు కార్తీకం చివరి ఆదివారం మర్నాడు, సోమవారం పొద్దున నేను చూసింది వేరు. ఎవరి కమిటీ అన్నది రాయను, ఆ సంగతి వాళ్లకి తెలుసు, వాళ్లు చెడ్డవాళ్లూ కారు. వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకుని "బ్రహ్మాండంగా జరిగిందండి" అన్నారు. ఊడ్చే మనుషులకని మా ఆవిడ చేతిలో ఐదొందలు పెట్టారు. ఆ సోమవారం నేను, మా ఆవిడ, ఇద్దరు కూలి మనుషులు కలిసి ఎరువుల సంచుల్లోకి ఎత్తితే పదకొండు సంచులు నిండాయి. మెరుపు పూత ప్లేట్లు, థర్మాకోల్ కప్పులు, సగం తాగి వదిలేసిన చిన్న నీళ్ల సీసాలు, పెరుగు ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, పగిలిన బెలూన్లు. ఉసిరి మానుకి నాలుగు మేకులు కొట్టి ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ అయితే తీసుకెళ్లారు గానీ మేకులు మానుకే వదిలేశారు. మామిడి చెట్టు మొదట్లో గాడిపొయ్యి పెట్టినట్టున్నారు, ఒక పక్క బెరడు మాడి నల్లబడి చిట్లింది. ఆ చెట్టుకి ఆ వైపు కొమ్మ ఈ ఏడు పూత పట్టలేదు.

గాజు పెంకులు మాత్రం ఆ రోజు మాకు కనపడలేదు. గడ్డిలో ఉండిపోయాయి. నెల తర్వాత కొబ్బరి దింపుకి వచ్చిన మనిషి చెట్టు దిగుతూనే అడుగు వేశాడు. మడమలో దిగింది. చెట్టెక్కి బతికే మనిషికి కాలే కదండీ పెట్టుబడి. మూడు వారాలు పనికి పోలేకపోయాడు.

ఇక మా గేదె సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చూడి గేదె, రెండో ఈత. సంక్రాంతి ముందు మేత మానేసింది, నెమరు వెయ్యడం లేదు, ఎడమ డొక్క గట్టిగా ఉబ్బిపోయింది. పశువుల డాక్టరు గారు మందులు ఇచ్చి చూశారు, లొంగలేదు. చివరికి డొక్క కోసి తీశారు. నేను లాంతరు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. లోపల్నుంచి వచ్చినవి విడివిడి కవర్లు కావు. పేనిన మోకు లాగా ఒకదానికొకటి చుట్టుకుపోయిన ముద్ద. దాని మధ్య ఒక పెరుగు ప్యాకెట్టు మీద అచ్చు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. డాక్టరు గారు అన్నారు, ఇది ఒక్క రోజులో తిన్నది కాదు, ఏళ్లుగా పేరుకున్నది అని. నిజమే. కాబట్టి ఏ ఒక్క కమిటీనీ నేను అనను. అన్నం మెతుకులు, కూర అంటుకున్న కవరు పశువుకి కవరులా కనపడదు, అన్నంలానే వాసన వస్తుంది. ఎన్ని ఆదివారాలు, ఎంతమంది పారేసిన కవర్లో ఆ కడుపులోకి చేరాయి. గేదె బతికింది. దూడ దక్కలేదు.

ఆ రాత్రి నాకు ఒకటే అనిపించింది. మనం ఉసిరి చెట్టు కింద కూర్చుని తినేది, ఈ ఋతువులో చెట్టూ పుట్టా నీరూ నిప్పూ అన్నిటికీ ఒకసారి దండం పెట్టుకోవడానికి. నాగుల చవితికి పుట్టకి, పౌర్ణమికి దీపానికి, చిలుకు ద్వాదశికి తులసికీ ఉసిరికీ. శరదృతువులో మన పండగలన్నీ అవే. దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్లం దాని మొదట్లో చెత్త వదిలి వెళ్తే ఎలాగండీ?

చెత్త మా తోటలోనే ఆగిపోతే ఇంత బాధ ఉండదు. గాలికి ఎగిరి కాలువలో పడుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే ఈ కాలువ నీళ్లే కింద ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ చెరువులు నింపుకుని, వాటి మీదే ఊళ్లకి ఊళ్లు బతుకుతాయి. థర్మాకోల్ కప్పు నీళ్లలో కరగదు, ముక్కలై, ఆ ముక్కలు పూసలై తూముల దగ్గర తెల్లటి తెట్టులా పేరుకుంటుంది. అటు పక్క సార్వా చేలు. కార్తీకం అంటే వరి పండుముఖం పట్టే రోజులు. చేలో పడ్డ కవరు కోతల్లో గడ్డితో కలిసిపోయి వామిలోకి వస్తుంది, వామిలోంచి మళ్లీ పశువు నోట్లోకి.

"ఇప్పుడు ప్లాస్టిక్ వాడటం లేదండి, పేపర్ ప్లేట్లే తెస్తున్నాం" అని కొందరు అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ ప్లేటుని ఒకసారి చించి చూడండి. పైన మెరిసేది కాగితం కాదు, ప్లాస్టిక్ పొర. పేపర్ కప్పుకి లోపల కూడా అంతే, అది లేకపోతే కాఫీకి నాని చేతిలోనే విడిపోతుంది. ఆ పొర వల్ల అది మట్టిలో కలవదు, పాత కాగితాలవాడూ తీసుకోడు. మట్టిలో కలిసిపోతాయని అచ్చు వేసిన కవర్లు కూడా తెచ్చారు ఒకసారి. అందులో చాలా రకాలు కుళ్లాలంటే బాగా వేడి పుట్టే పెద్ద కంపోస్టు యార్డు కావాలి, మా గుంటలో వేస్తే ఏడాది తర్వాత తీసినా అలాగే ఉన్నాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకి వాడే థర్మాకోల్, 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న ఫ్లెక్సీలు దేశమంతటా నిషేధం. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు కూడా అదే ఏడాది చివరి నుంచి నిషేధంలోకి వచ్చాయి. అయినా ఏ షాపుకి వెళ్లినా దొరుకుతున్నాయి, అందుకే మనకీ నిషేధం ఉన్న సంగతి గుర్తుండటం లేదు. నేను ఎవరి మీదా ఫిర్యాదు పెట్టను. కానీ మీలో చాలామంది ఉద్యోగస్తులు, టీచర్లు, అధికారులు. పిల్లలు మిమ్మల్ని చూస్తుంటారు.

ఇప్పుడు ఆకు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, అది నాకు ఇష్టమైన సంగతి.

నాలుగొందల మందికి అరిటాకులంటే "మీ తోటలో కోసేద్దాంలెండి" అంటారు. దయచేసి అలా కోయకండి. గెల వేసే చెట్టుకి ఆకు తీసేస్తే గెల ఊరదు, కాయ పీలగా పోతుంది. ఆకు కోసమే పెంచే తోటలు వేరే ఉంటాయి. రావులపాలెం వైపు ముందుగా చెబితే కట్టలు కట్టి పంపుతారు. ఎండకి వాడకుండా గోనెపట్టా తడిపి కప్పాలి, కోసిన మర్నాడే వాడెయ్యాలి. వడ్డించే ముందు నీళ్లు చల్లి తుడిచి, కొస తినేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండేలా వెయ్యాలి. ఇవన్నీ మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి తెలుసు, వాళ్లకి ఆ బాధ్యత అప్పగిస్తే ఎంత హుషారుగా చేస్తారో చూడండి.

అరిటాకు కుదరకపోతే అడ్డాకు ఉంది. మన్యంలో కొండల మీద తీగలకి కాసే పెద్ద ఆకు. గిరిజన ఆడవాళ్లు అడవికి వెళ్లి కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. ఒక విస్తరికి ఎన్నేసి పుల్లలు గుచ్చాలో, ఎక్కడ గుచ్చితే పులుసు కారదో వాళ్ల చేతులకి తెలుసు. తెలంగాణలో మా చుట్టాలు మోదుగాకు విస్తళ్లు వాడతారు, అదీ అంతే బాగుంటుంది. మీరు థర్మాకోల్ ప్లేట్లకి పెట్టే డబ్బు ఎవరి జేబులోకి పోతుందో నాకు తెలీదు గానీ, అడ్డాకుల డబ్బు మాత్రం రంపచోడవరం పైన ఏ తల్లి కొంగులోకి వెళ్తుందో నేను సంతలో కళ్లారా చూశాను. అందుకే ఆ మాట గట్టిగా చెప్తున్నాను.

తిన్న ఆకులు ఎక్కడ వెయ్యాలి అన్న బెంగ మీకు అక్కర్లేదు. తోటకి ఉత్తరం వైపు గుంట తవ్వించి ఉంచాను. ఆకులు, మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలు అందులో వేసి, పైన కాస్త పేడ, కాస్త మట్టి కప్పితే చాలు. సంక్రాంతి నాటికి ఆకు ఆనవాలు ఉండదు. వర్షాకాలానికి ముందు ఆ ఎరువు తీసి కొబ్బరి పాదులకి వేస్తాను. అంటే మీరు తిన్న ఆకు మళ్లీ మా చెట్లకి అన్నం అవుతుంది. ఒక్కటే షరతు, ఆ గుంటలో ఒక్క చెంచా, ఒక్క కవరు కూడా పడకూడదు. ఆకులు ఎత్తే చోట ఒక మనిషిని నిలబెట్టండి, అంతే.

ఇంకో మాట. బఫే వద్దు, బంతి పెట్టండి. ఇది నా చాదస్తం అనుకోకండి. బఫేలో చేతిలో ప్లేటు బరువుకి సగం మంది సగం పారేస్తారు, మా గుంట చెప్తుంది ఆ సంగతి. బంతిలో కూర్చుంటే పక్కవాళ్లతో మాట్లాడతారు, వడ్డించేవాళ్లు "ఇంకొంచెం?" అని అడిగి వేస్తారు, కావలసినంతే ఆకులో పడుతుంది. కింద కూర్చోలేని పెద్దవాళ్లకి బల్లలు నేను సర్దుతాను.

నీళ్ల దగ్గరే అసలు చిక్కు. మూడొందల మందికి మనిషికి మూడు చిన్న సీసాలంటే తొమ్మిది వందల సీసాలు. అందులో సగం నీళ్లు నేలపాలు. తిరుమల కొండ మీద రోజూ అన్ని వేలమంది వస్తారు, అక్కడే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపగలిగారు, మనం ఒక పూట ఆపలేమా? పెద్ద క్యాన్లు తెప్పించండి, లేదా నేను నాలుగు కొత్త కుండలు పెట్టి ఫిల్టరు నీళ్లు పోయిస్తాను. స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకి దొరుకుతాయి. తోమడానికి ఇద్దరు మనుషుల్ని పెడితే వాళ్లకీ ఒక రోజు కూలి. తెలంగాణలో సిద్దిపేట వాళ్లు ఊళ్లల్లో స్టీల్ బ్యాంకులని పెట్టుకున్నారు, పెళ్లికైనా పేరంటానికైనా కంచాలు, గ్లాసులు, గిన్నెలు అక్కణ్ణుంచే. మన అపార్ట్‌మెంట్ల వాళ్లు, సంఘాల వాళ్లు తలా కొంత వేసుకుని ఒకసారి కొనుక్కుంటే ఇంక ఏటా ఆ ఖర్చే ఉండదు. తిరువనంతపురంలో ఆట్టుకాల్ పొంగలకి లక్షల మంది ఆడవాళ్లు చేరతారు, అక్కడ స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు వాడాలని నియమం పెట్టుకున్నారు. మన నాలుగొందల మంది ఏపాటి?

పొయ్యిల సంగతి వంటవాళ్లకి మీరే చెప్పాలి, నా మాట వాళ్లు వినరు. చెట్టు మొదట్లో పొయ్యి వద్దు. చెట్టు వేళ్లు కొమ్మ నీడ పడినంత మేరా నేల కిందే ఉంటాయి. వంటకి తోట బయట, పాకకి దూరంగా, చదును చేసి ఒక చోటు ఉంచాను. మరిగే గంజి, మిగిలిన నూనె పాదుల్లో పొయ్యకండి. కార్లు గేటు బయట ఖాళీ మడిలో పెట్టుకోండి. ఉసిరి చెట్టు దాకా కార్లు తెచ్చి నీడలో పెడుతున్నారు. ఆ బరువుకి నేల రాయిలా గట్టిపడి నీళ్లు దిగడం లేదు.

ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానర్ రాయించుకోండి, దాని మీద సంవత్సరం వెయ్యకండి, పదేళ్లు వాడొచ్చు. కట్టడానికి రెండు వెదురు గడలు పాతి ఉంచుతాను. మేకు మాత్రం వద్దు. పోయినేటి మేకులు నాలుగూ పీకాను, ఆ కన్నాల్లోంచి చాలా రోజులు జిగురు కారింది.

చిలుకు ద్వాదశి దగ్గర పడితే ఆడవాళ్లు ఉసిరి కొమ్మ అడుగుతారు, తులసి పక్కన పెట్టుకోవడానికి. అడగండి, కాదనను. చేత్తో విరిస్తే మాను దాకా చీలుతుంది. కత్తిరింపుకి వచ్చిన కొమ్మలు నేనే కోసి కట్ట కట్టి గేటు దగ్గర పెడతాను.

డీజే గురించి చెప్పకుండా ఉండలేను. వంగపండు పిట్ట ఈ చలి రోజుల్లోనే మా తోటకి వస్తుంది. పసుపు ముద్దలా ఉంటుంది, మామిడి కొమ్మల్లో ఆకుల వెనక దాక్కుని ఈల వేసినట్టు కూస్తుంది. జెముడుకాకి గుబురుల్లో గంభీరంగా మూలుగుతుంది. కొబ్బరి మట్టలకి గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. సిటీ పిల్లలకి ఇవన్నీ చూపించాలని నాకు ఎంతో ఆశ. పెట్టెలు మోగడం మొదలైతే ఒక్క పిట్ట కూడా ఉండదు, పశువులు పలుపులు తెంపుకుంటాయి. పోయినేడు ఒక పాప, ఏడెనిమిదేళ్లుంటాయేమో, జనరేటర్ కాసేపు ఆగిపోయినప్పుడు నా దగ్గరికొచ్చి "తాతయ్యా, అదేంటి కూస్తోంది?" అని అడిగింది. చూపిద్దామని చెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు వేశానో లేదో కరెంటు వచ్చింది, పాట మొదలైంది, పిట్ట ఎగిరిపోయింది. ఆ పాప మొహం నాకు ఇంకా గుర్తుంది. మీ సభకి, పేర్లు పిలవడానికి ఒక చిన్న మైకు చాలు. మీలో పాడేవాళ్లు ఉంటారు, హరికథ చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లని ముందుకి రమ్మనండి.

పిల్లలకి లక్కీ డిప్పులు పెట్టి ప్లాస్టిక్ బొమ్మలు పంచుతున్నారు. సగం బొమ్మలు తోటలోనే విరిగి పడుంటున్నాయి. మేం ఉన్నది కడియంలో అండి. నర్సరీలన్నీ మా చుట్టూనే. అదే డబ్బుతో పిల్లకో పారిజాతం మొక్కో, ఉసిరి మొక్కో, బాల్కనీలో పెరిగే తులసో వస్తుంది. మొక్క ఉండే నల్ల కవరు కూడా ప్లాస్టికే కదా అని మా అబ్బాయి అన్నాడు. నిజమే. తెలిసిన నర్సరీ రైతుతో మాట్లాడాను, ఇంట్లో కుండీలో నాటాక ఆ కవర్లు పోగుచేసి ఇస్తే మళ్లీ మొక్కలకే వాడుకుంటానన్నాడు. ఒకరు బాధ్యత తీసుకుంటే సరిపోతుంది. ఇక ఆటలకి ఏం కొననక్కర్లేదు. వామనగుంటలకి నేలలో గుంటలు, చింతపిక్కలు చాలు. తొక్కుడుబిళ్లకి ఒక పెంకుముక్క. మా ఆవిడ నేర్పిస్తుంది.

తోట దాటి రెండు మాటలు. మీ ఇళ్లల్లో వాళ్లు నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్తారు. పాలు పోసిన ప్యాకెట్టు అక్కడే వదలకుండా వెనక్కి తెచ్చుకోమనండి. అసలు ఇంట్లోంచే చెంబుతో పాలు తీసుకెళ్తే ఇంకా మంచిది. రెండోది, పోలి పాడ్యమికి ఘాట్లలో వదిలే దీపాలు. అరటి దొప్పలో పెట్టిన దీపం ఎంత అందంగా సాగిపోతుందో, తెల్లారితే ఆ దొప్ప నీళ్లలో నాని పోతుంది. ఇప్పుడు థర్మాకోల్ పళ్లేల్లో పెట్టి అమ్ముతున్నారు. కొనకండి. గెల కోసిన అరటి బోదెలు మా దగ్గర ఊరికే పడి ఉంటాయి. కమిటీ తరఫున ఎవరైనా వచ్చి పట్టుకెళ్తే, వంద ఇళ్లకి దొప్పలు అవుతాయి. దీపావళికి కూడా గోగు కాడలకి నూనె గుడ్డ చుట్టి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అని పిల్లల చేత దివిటీలు కొట్టించండి. ఈ ఏడు గోగు కాడలు కావాలన్నా మా చేలో ఉన్నాయి.

మా పంచాయతీలో చెత్త తీసుకెళ్లే గ్రీన్ అంబాసిడర్లు ఇద్దరే ఇద్దరు. ఊరి చెత్తకే వాళ్ల బండి చాలదు. అందుకని ఈ ఏడు నుంచి ఒక ఏర్పాటు. కుళ్లేది మా గుంటలోకి, కుళ్లనిది ఏదైనా మీ బస్సులోనే మీతో పాటు వెనక్కి. సీసా తెచ్చినవాళ్లు సీసా పట్టుకెళ్లాలి. ఊడ్చేవాళ్లకని డబ్బు ఇవ్వొద్దు. బయల్దేరే ముందు ఒక పావుగంట, పిల్లా పెద్దా అందరూ వరసగా తోట ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఏది కనపడితే అది ఏరదాం. నేనూ మీతో నడుస్తాను. ఈ పద్ధతి వీలు కాదనుకున్న కమిటీలకి ఈసారి తోట ఇవ్వలేను, ఏమీ అనుకోవద్దు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, మా నాన్న ఎవరికీ కాదనలేదు కాబట్టి. కానీ ఆయన నాటిన చెట్టు కూడా కదండీ అది.

ఆడవాళ్లకి ఇబ్బంది లేకుండా రెండు మరుగుదొడ్లు కట్టించాను, నీళ్ల ట్యాంకు కూడా పెట్టించాను. ఉసిరి ఈ ఏడు బాగా కాసింది, కొమ్మలు వంగి ఉన్నాయి. పిల్లలు రాలినవి ఏరుకోవచ్చు.

మొదటి ఆదివారం అడిగిన వాళ్లకి ఖాయం చేశాను. ముందు రోజు సాయంత్రం మా ఆవిడ చెట్టు చుట్టూ పేడనీళ్లు చల్లి ముగ్గు పెట్టి ఉంచుతుంది. ఎంతమంది వస్తున్నారో గురువారం లోపు కచ్చితంగా చెప్పండి, రావులపాలెంలో ఆకుకి చెప్పాలి.

ఇట్లు,
మీ తోట రైతు,
కడియం